అరబిక్ వచ్చు, నోరు మాత్రం పెగలదు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. విశ్వవిద్యాలయంలో అరబిక్‌ను ప్రధాన విషయంగా చదువుతున్న విద్యార్థులు తాము చదవగలమనీ, రాయగలమనీ, వింటే చాలావరకు అర్థమవుతుందనీ, తీరా మాట్లాడమంటే మాత్రం భయం ఆవహిస్తోందనీ రాశారు. ఇది చిన్న విషయం కాదు. చక్కగా చదివేవారు కూడా ఈ ఒక్క కారణంతో భాషకు దూరమైపోతుంటారు. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించాను, పేర్లు ఇవ్వలేదు.

ప్రశ్న: నేను అరబిక్ బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థినిని. వ్యాకరణంలో తరగతి మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వస్తాయి. కానీ సంభాషణ తరగతిలో ఆచార్యులవారు నా పేరు పిలవగానే గుండె దడదడలాడుతుంది. సెలవు రోజున ఏం చేశావని అడిగితే, క్రియ సరిగా పెట్టానా, మాట చివర ఏ అచ్చు రావాలి అని ఆలోచిస్తుండగానే పక్కన కూర్చున్నవారు జవాబు చెప్పేస్తారు. నాకంటే తక్కువ మార్కులు వచ్చేవాళ్లు తప్పులతోనే ధారాళంగా మాట్లాడుతున్నారు. నాలో లోపం ఏమిటి?

జవాబు: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. తప్పు మాట్లాడతానేమో, ఆ తప్పును బట్టి పదిమంది నన్ను అంచనా కడతారేమో అన్నదే మీ అసలు భయం. 1986లో ఎలైన్ హార్విట్జ్, మైఖేల్ హార్విట్జ్, జోఆన్ కోప్ ప్రచురించిన వ్యాసం ఈ రకమైన భయాన్ని విడిగా గుర్తించింది. విదేశీ భాషా తరగతిలో కలిగే ఆందోళన మనిషి స్వభావంలో ఉండే బిడియానికి భిన్నమైన స్థితి అని వాదించి, దానిని కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళిని వారు రూపొందించారు. మాట కలపడానికి జంకడం, పరీక్ష అంటే భయపడడం, ఇతరులు తక్కువగా చూస్తారని బెంగపడడం అనే మూడింటికీ దీనితో దగ్గరి సంబంధం ఉందని చెప్పారు. ఇంట్లోనూ స్నేహితుల మధ్యా గలగలా మాట్లాడే వ్యక్తి ఈ ఒక్క తరగతిలోనే మూగబోవడం ఎందుకో దీనివల్ల బోధపడుతుంది.

మంచి మార్కులు వచ్చేవారికి ఈ ఇబ్బంది తగ్గాలి కదా అని మీకు అనిపించవచ్చు. భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ సిద్ధాంతంలోని ఇతర అంశాలపై భిన్నాభిప్రాయాలు ఎన్ని ఉన్నా, ఆయన చెప్పిన ఒక మాట మీ విషయంలో అక్షరాలా సరిపోతుంది. మనం నేర్చుకున్న నియమాలు లోపల కూర్చుని మన మాటను తనిఖీ చేస్తుంటాయనీ, ఆ తనిఖీకి తగిన వ్యవధి కావాలనీ, కొందరు దానిని అతిగా వాడి మాటనే ఆపేసుకుంటారనీ ఆయన అన్నారు. రాతలో ఆ వ్యవధి కావలసినంత ఉంటుంది, కనుక మీకు మార్కులు వస్తున్నాయి. సంభాషణలో అది దొరకదు. పైగా ఆందోళన మన శ్రద్ధలో కొంత భాగాన్ని తానే తినేస్తుంది. పీటర్ మెకింటైర్, రాబర్ట్ గార్డ్‌నర్ 1994లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, విద్యార్థులు కొత్త పదాలు నేర్చుకుంటుండగా వేర్వేరు దశల్లో వారి ఎదుట వీడియో కెమెరాను పెట్టారు. కెమెరా వచ్చినప్పుడు ఆందోళన పెరిగింది, దానితోపాటే నేర్చుకోవడమూ కుంటుపడింది. తరగతిలో మీ వైపు తిరిగే ముఖాలే మీకు ఆ కెమెరా.

ఇక అరబిక్ ఈ భారాన్ని ఎలా పెంచుతుందో ఒక వాక్యంలో చూద్దాం. పుస్తకాల దుకాణం నుంచి మూడు పుస్తకాలు కొన్నానని చెప్పాలి. పూర్తి వ్యాకరణంతో అయితే 'ఇష్తరైతు సలాసత కుతుబిన్ మినల్ మక్తబతి' అనాలి. 3 నుంచి 10 వరకు సంఖ్య, లెక్కించే వస్తువుకు ఎదురు లింగంలో ఉండాలి. పుస్తకం పుంలింగం కనుక సంఖ్యకు స్త్రీలింగ రూపం రావాలి, ఆ సంఖ్య క్రియకు కర్మ కనుక దాని చివర 'అ' రావాలి. 'కితాబ్' అనే మాటకు బహువచనం చివర ప్రత్యయం చేరిస్తే రాదు, లోపలి అచ్చులే మారి 'కుతుబ్' అవుతుంది, అది సంఖ్య తర్వాత వచ్చింది కనుక చివర 'ఇన్' చేరుతుంది. 'మిన్' తర్వాత వచ్చిన మాట చివర మళ్లీ 'ఇ' రావాలి. పట్టుమని అయిదు మాటల వాక్యానికి ఇన్ని నిర్ణయాలు. వీటన్నింటినీ ఒక్క క్షణంలో, అదీ అందరి ముందు, తీసుకోవాలని మీరు మీకే ఆజ్ఞ వేసుకుంటున్నారు.

ఆ ఆజ్ఞను సడలించుకోమని నా సలహా. 'ఇష్తరైతు సలాసత్ కుతుబ్ మినల్ మక్తబా' అంటే చదువుకున్న అరబ్బు ఎవరికీ వింతగా తోచదు. విరామం వచ్చిన చోట మాట చివరి హ్రస్వాచ్చును వదిలేయడం ప్రాచీన వ్యాకరణమే అంగీకరించిన పద్ధతి. అప్పటికప్పుడు మాట్లాడేటప్పుడు విద్యావంతులైన అరబ్బులు దానిని వాక్యం మధ్యలోనూ పాటిస్తారు. 'సక్కిన్ తస్లమ్', అంటే చివరి అచ్చును తీసెయ్యి, క్షేమంగా ఉంటావు అన్న నానుడి వారిలోనే ఉంది. మీ ఆచార్యులవారిని తరగతి బయట కలిసి, సంభాషణ తరగతిలో విభక్తుల అచ్చులు లేకుండా మాట్లాడటానికి అనుమతి అడగండి. ప్రసంగపాఠంలోనూ రాతలోనూ వాటిని ఎప్పటిలాగే పాటించండి. సంఖ్యల లింగం వంటివి కూడా మొదట తప్పుతాయి. తప్పనివ్వండి. మూడు పుస్తకాలు అన్న భావం వినేవారికి చేరుతుంది.

అభ్యాసానికి ఒక పద్ధతి చెబుతాను. పాల్ నేషన్ వంటి భాషాబోధన నిపుణులు ప్రచారంలోకి తెచ్చిన ఈ అభ్యాసంలో, ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు స్నేహితులకు వరుసగా చెప్పాలి. మొదటివారికి 4 నిమిషాల్లో, రెండోవారికి 3 నిమిషాల్లో, మూడోవారికి 2 నిమిషాల్లో చెప్పాలి. వినేవారు మధ్యలో దిద్దకూడదు. విషయం మారదు కనుక ఏం చెప్పాలన్న వెతుకులాట రెండోసారికే తగ్గిపోతుంది, వినేవారు కొత్తవారు కనుక చెప్పినదే చెబుతున్నానన్న విసుగు రాదు, గడువు కుదించుకుపోతుంది కనుక లోపలి తనిఖీకి తీరిక దొరకదు. మీలాంటివారికి ఇంతకంటే మేలైన మందు నాకు తెలియదు.

ప్రశ్న: ఫ్రెంచ్ తీసుకున్న మా స్నేహితులు ఏడాదికే అంతో ఇంతో మాట్లాడేస్తున్నారు. మేము రెండేళ్లయినా తడబడుతున్నాము. మా తెలివి మీదే మాకు అనుమానం వస్తోంది.

జవాబు: పోలిక సరైనది కాదు. అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పే సంస్థలో, ఆంగ్లం మాతృభాషగా గలవారికి ఫ్రెంచ్ వృత్తిపరంగా పనికివచ్చే స్థాయికి రావడానికి దాదాపు 30 వారాలు పడుతుందని అంచనా. అరబిక్‌కు 88 వారాలు, అంటే సుమారు 2,200 తరగతి గంటలు. చైనీస్, జపనీస్, కొరియన్ భాషలతో పాటు దానిని అత్యంత కఠినమైన వర్గంలో చేర్చారు. మీరు రెండేళ్లలో తరగతిలో గడిపిన గంటలను లెక్కవేసి చూసుకోండి, అనుమానం తీరుతుంది.

ప్రశ్న: మా విభాగంలో ప్రామాణిక అరబిక్ మాత్రమే నేర్పుతారు. ఈ మధ్య ఒక సమావేశంలో అరబ్ దేశం నుంచి వచ్చిన అతిథితో ధైర్యం చేసి మాట్లాడాను. ఆయన చిరునవ్వు నవ్వి, వార్తలు చదువుతున్నట్టు ఉందన్నారు. తర్వాత ఆయన మాట్లాడింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పటి నుంచి అరబ్బులను చూస్తే తప్పుకుని తిరుగుతున్నాను.

జవాబు: మీకు కలిగిన బాధ నాకు అర్థమవుతోంది, కానీ ఆ చిరునవ్వును అవమానంగా తీసుకోకండి. ఇంటిలో మాట్లాడే భాష ఒకటి, బడిలో నేర్చుకునే రూపం మరొకటి ఉండి, రెండూ ఒకే సమాజంలో వేర్వేరు సందర్భాలకు వాడుకలో ఉండే స్థితిని చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు. ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబిక్ ఒకటి. ఉన్నత రూపమైన ఫుస్‌హా, అంటే మీరు నేర్చుకుంటున్న ప్రామాణిక అరబిక్, ఎవరికీ ఉగ్గుపాలతో వచ్చిన భాష కాదు. అరబ్ పిల్లలు కూడా దానిని బడిలోనే నేర్చుకుంటారు. గ్రాంథిక వ్యావహారిక వాదాల చరిత్ర తెలిసిన తెలుగువారికి ఈ స్థితిని ఊహించుకోవడం కష్టం కాకూడదు. మీ అతిథి నవ్వింది మీ తప్పులకు కాదు, కబుర్లాడే చోట గ్రంథం వినిపించినందుకు. అదే అతిథిని వేదికనెక్కించి అరగంట సేపు ఫుస్‌హాలో ఆశువుగా ప్రసంగించమంటే, ఆయనా జంకవచ్చు. చదువుకున్న అరబ్బులలోనూ చాలామందికి ఆ బెరుకు ఉంటుంది.

పైగా ఆ రెండింటి మధ్య గోడ ఏమీ లేదు. ఈజిప్టు భాషావేత్త అల్ సయీద్ బదవీ 1973లో తన దేశపు అరబిక్‌లో ప్రాచీన ఫుస్‌హా మొదలుకొని నిరక్షరాస్యుల వాడుక దాకా అయిదు స్థాయిలను వివరించారు. మాట్లాడేవారు సందర్భాన్ని బట్టి పైకీ కిందికీ జరుగుతూనే ఉంటారని చెప్పారు. మీరు నిలబడిన మెట్టు ఒక చివర ఉంది, అంతే. అక్కడి నుంచి కదలడానికి ఒక ప్రాంతపు వాడుకను ఎంచుకోండి. ఈజిప్టు వాడుక ఆ దేశపు సినిమాల వల్ల అరబ్ ప్రపంచమంతటా చెవులకు పరిచయమైనది. సిరియా, లెబనాన్, జోర్డాన్, పాలస్తీనా ప్రాంతపు వాడుకకూ అభ్యాస సామగ్రి బాగానే దొరుకుతుంది. గల్ఫ్‌లో ఉద్యోగం ఆశించేవారు అక్కడి వాడుకను ఎంచుకోవడం సహజం. ఏదైనా ఒకటే తీసుకోండి, కనీసం ఏడాది పాటు రెండోదాని జోలికి పోకండి. ప్రశ్నార్థకాలు, కావాలి, వద్దు, ఉంది, లేదు, ఇప్పుడు, ఎలా వంటి రోజువారీ మాటలు మారితే చాలు, మీ ఫుస్‌హా వాక్యం వినడానికి ఎంతో సహజంగా మారుతుంది. ఎదుటివారు వేగంగా వాడుకలోకి వెళ్లిపోతే, 'అనా అద్రుస్ అల్ ఫుస్‌హా', నేను ఫుస్‌హా చదువుతున్నాను అని చెప్పి, నెమ్మదిగా మాట్లాడమని కోరడంలో నామోషీ ఏమీ లేదు. ఆ మాట విన్నాక చాలామంది తమ మాటను మీ వైపు జరుపుతారు.

నా అభిప్రాయం అడిగితే, విశ్వవిద్యాలయాలు వాడుక భాషను పూర్తిగా పక్కన పెట్టడం విద్యార్థికి చేస్తున్న అన్యాయమే. ఉన్నత రూపాన్ని మాత్రమే నేర్పి, జీవితంలో ఎదురయ్యే మొదటి సంభాషణలోనే అతను చిన్నబోయేలా పంపిస్తున్నాం. ఆ తప్పు విద్యార్థిది కాదు.

ప్రశ్న: నేను చిన్నప్పటి నుంచి ఖురాన్ పఠనం నేర్చుకున్నాను. ఉచ్చారణ బాగుంటుందని అందరూ అంటారు. కానీ తరగతిలో రెండు వాక్యాలు సొంతంగా మాట్లాడలేను. నీకు అరబిక్ ముందే వచ్చు కదా అని తోటివారు అంటుంటే తల కొట్టేసినట్టవుతుంది. పైగా ఆ భాషలో తప్పు పలికితే అపచారం చేసినట్టుగా లోపల ఏదో పీకుతుంది.

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీ భయానికి రెండు వేర్లు ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి.

మొదటిది, పఠనానికీ సంభాషణకూ ఉన్న తేడా. పఠనంలో పాఠం ముందే ఉంటుంది, ఒక్క అక్షరం కూడా మీరు కల్పించరు, కల్పించకూడదు. సంభాషణలో ప్రతి మాటా మీరే ఎంచుకోవాలి. ప్రపంచంలో ముస్లింలలో అత్యధికులు అరబిక్ మాతృభాషగా లేనివారే. వారిలో లక్షలాదిమంది చక్కగా పఠించగలరు, కానీ సంభాషించలేరు. ఇందులో సిగ్గుపడవలసింది ఏదీ లేదు. ఈ మాటను తోటి విద్యార్థులకు ఒకసారి నేరుగా చెప్పండి. దాచుకున్నంత కాలం మీది కాని కీర్తిని నిలబెట్టుకోవలసిన భారం మీద పడుతూనే ఉంటుంది.

రెండోది భక్తికి సంబంధించినది, దానిని నేను తేలికగా తీసుకోను. అయితే పవిత్ర గ్రంథ పాఠాన్ని తప్పుగా పఠించడం వేరు, నిన్న ఎక్కడికి వెళ్లావన్న ప్రశ్నకు క్రియారూపం తప్పడం వేరు. అదే భాషలో దినపత్రికలు వస్తాయి, బేరాలు సాగుతాయి, తల్లులు పిల్లలను గద్దిస్తారు, అరబ్ క్రైస్తవులు ప్రార్థనలు చేస్తారు. తరగతిలో మీరు మాట్లాడుతున్నది ఆ నిత్యవ్యవహారపు భాష. పఠనానికి కూర్చునేటప్పుడు పాటించే నియమాన్ని ఆ సమయానికే ఉంచుకోండి.

మీకు ఉన్న బలం కూడా తక్కువేమీ కాదు. ఇతరులు ఏళ్ల తరబడి కుస్తీ పట్టే ధ్వనులు మీ నాలుకకు ఇప్పటికే అలవాటయ్యాయి. దానిని వాడుకునే మార్గం ఒకటి సూచిస్తాను. 12వ అధ్యాయంలో యూసుఫ్ ప్రవక్త వృత్తాంతం 111 వాక్యాలలో దాదాపు ఒకే కథగా సాగుతుంది. అందులో ఒక ఘట్టాన్ని, మూలవాక్యాలను పలకకుండా, నేటి సరళమైన అరబిక్‌లో మీ సొంత మాటలతో స్నేహితునికి చెప్పండి. కథ మీకు కొట్టిన పిండి. బావి, అన్నలు, తండ్రి, ప్రయాణం, కరవు వంటి మాటలన్నీ మీ దగ్గర ఉన్నాయి. కావలసిందల్లా వాటిని మీరే పేర్చుకోవడం. అలా రెండు మూడు కథలు చెప్పిన తర్వాత మీ దినచర్య చెప్పడం మొదలుపెట్టండి. సొంత వాక్యం పుట్టించడంలోని బెరుకు ముందుగా తెలిసిన కథ మీద తీరిపోతే, తర్వాతి పని సులువవుతుంది.

ప్రశ్న: నా ఉచ్చారణ విని తరగతిలో నవ్వుతారు. కొన్ని ధ్వనులు నోటికి రావడమే లేదు.

జవాబు: కత్తికీ, వేసవికీ అరబిక్‌లో ఉన్న మాటలను తెలుగు లిపిలో రాస్తే రెండూ 'సైఫ్' అనే వస్తాయి. అరబ్బు చెవికి అవి రెండు వేర్వేరు ధ్వనులు. రెండో మాట మొదట ఉన్న 'స' పలికేటప్పుడు నాలుక వెనుక భాగం గొంతు వైపుకు లాగబడి, దాని పక్కనున్న అచ్చు బరువుగా వినిపిస్తుంది. హల్లును పట్టుకోవాలని తంటాలు పడకుండా, ముందు ఆ అచ్చు రంగు మారడాన్ని వినండి. చెవి పట్టుకున్నది నోటికి వస్తుంది. గొంతు లోతు నుంచి వచ్చే 'ఐన్', 'హా' ధ్వనులకు ఇంకా సమయం పడుతుంది. చాలా సందర్భాల్లో ధ్వని కొంచెం తప్పినా వాక్యం సందర్భమే అర్థాన్ని నిలబెడుతుంది. ఒంటరిగా, అద్దం ముందు, రోజూ కొద్దిసేపు సాధన చేయండి. తరగతిలో మాత్రం దానిని మరచిపోయి మాట్లాడండి. నవ్వేవారి విషయం మీ ఆచార్యుల దృష్టికి తీసుకువెళ్లండి. దానిని ఆపడం వారి బాధ్యత.

ప్రశ్న: నేను అరబిక్ అధ్యాపకుడిని. ప్రశ్న అడిగితే తరగతి అంతా తలలు దించుకుంటుంది. తప్పులు దిద్దకపోతే అవే స్థిరపడతాయని భయం, దిద్దితే మళ్లీ నోరు విప్పరు. మధ్యేమార్గం ఉందా?

జవాబు: ఉంది, కానీ అది మొదట మీ మౌనంతో మొదలవుతుంది. మేరీ బడ్ రో అనే విద్యావేత్త విజ్ఞానశాస్త్ర తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, దానిని 3 సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగుపడ్డాయనీ చూపారు. మాతృభాషలో పాఠం విన్న పిల్లలకే అంత వ్యవధి కావలసి వచ్చింది. ఇందాక చెప్పిన మూడు పుస్తకాల వాక్యాన్ని కూర్చుకోవలసిన మీ విద్యార్థికి ఇంకెంత కావాలో ఊహించండి. ప్రశ్నను బోర్డు మీద రాసి, పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాతే అందరి ముందు అడగండి. అప్పటికి వారి నోట ఆ వాక్యం ఒకసారి పలికి ఉంటుంది.

దిద్దడం విషయంలో రాయ్ లిస్టర్, లీలా రాంటా 1997లో ప్రచురించిన అధ్యయనం మీరు తెలుసుకోదగినది. కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమ తరగతులను గమనించిన వారికి, ఉపాధ్యాయులు ఎక్కువగా వాడేది విద్యార్థి వాక్యాన్ని సరిచేసి తిరిగి పలికే పద్ధతి అని తేలింది. విద్యార్థులు తమ తప్పును తామే సరిదిద్దుకునేలా చేయడంలో అది అంతగా ఉపకరించలేదు. సూచన ఇచ్చో, మళ్లీ చెప్పమని అడిగో వారి చేతనే సరైన రూపం రప్పించినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంది. అయితే బెదిరిన విద్యార్థిని అందరి ముందు అలా నిలదీస్తే పని చెడుతుంది. కాబట్టి ఆ రోజు పాఠానికి సంబంధించిన ఒకే రకం తప్పును ఎంచుకోండి. మాట పూర్తయ్యేదాకా కాగితం మీద రాసుకుంటూ ఉండండి. చివర ఎవరిదో చెప్పకుండా ఆ వాక్యాలను బోర్డు మీద పెట్టి తరగతి చేతనే దిద్దించండి. మౌఖిక పరీక్షలో భావం చేరవేయడానికి విడిగా మార్కులు కేటాయించి, ఆ సంగతి ముందే ప్రకటించండి. మాటకు ఇచ్చిన విలువ మార్కుల పట్టికలో కనబడనంత కాలం, తప్పులు ఫరవాలేదని మీరు ఎన్నిసార్లు చెప్పినా వారు నమ్మరు.

ప్రశ్న: వచ్చే వారం మౌఖిక పరీక్ష. గదిలోకి వెళ్లగానే తెలిసినదంతా ఎగిరిపోతుంది. ఏదైనా తక్షణ ఉపాయం చెప్పండి.

జవాబు: ఈ వారం కొత్త పాఠాలు చదవకండి. పరీక్షకు రాగల నాలుగైదు అంశాలను, పరీక్షలో కూర్చున్నట్టే, ఎదురుగా ఒక స్నేహితుని కూర్చోబెట్టుకుని గట్టిగా చెప్పండి. మొదటి నిమిషానికి కావలసిన వాక్యాలు, అంటే పలకరింపు, పరిచయం, ఎందుకు అరబిక్ చదువుతున్నారన్నది, నిద్రలో లేపి అడిగినా వచ్చేలా ఉండాలి. మాట తడబడినప్పుడు మౌనం పాటించకుండా అరబిక్‌లోనే సమయం తీసుకోండి. 'యఅనీ' అంటే తెలుగులో మనం వాడే 'అంటే', 'ఫిల్ హఖీఖా' అంటే 'నిజానికి', 'కైఫ అఖూల్' అంటే 'ఎలా చెప్పాలి'. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అరబిక్‌లోనే అడగండి. అలా అడగగలగడం కూడా భాషా సామర్థ్యమే, సరైన పరీక్షకులు దానిని లోపంగా లెక్కించరు. గది బయట వేచి ఉన్నప్పుడు, పీల్చిన దానికంటే వదిలే శ్వాసను ఎక్కువ సేపు సాగనిస్తూ కొద్దిసేపు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. గుండె దడ కొంత తగ్గుతుంది. ఒకవేళ ఈ భయం అరబిక్‌తో ఆగకుండా నిద్రకూ తిండికీ అడ్డుపడుతున్నా, మిగిలిన సబ్జెక్టుల్లోనూ మనుషులను తప్పించుకునే స్థితికి తెస్తున్నా, పరీక్ష అయ్యేదాకా ఆగకుండా మీ విశ్వవిద్యాలయంలోని కౌన్సెలర్‌నో వైద్యులనో కలవండి.